‘పంజెంట్’ అనే ఇంగ్లీషు విశేషణాన్ని వాసనకూ, రుచికీ, మాటకూ ఎలా వాడాలి?

ప్రశ్న
రాసినవారు: నల్లగొండ అభ్యర్థిని

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో గది తీసుకొని పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివినందువల్ల ఇంగ్లీషు పేపరులో వ్యాకరణం కంటే పదజాలమే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది. కొత్త పదం ఎదురైనప్పుడు నిఘంటువులో అర్థం చూసి, నోటుబుక్కులో రాసుకొని, ఆ పదంతో కొన్ని సొంత వాక్యాలు కట్టి చూసుకోవడం నా పద్ధతి. చాలా పదాలకు ఈ పద్ధతి సరిపోయింది కాని ‘పంజెంట్’ అనే విశేషణం దగ్గర మాత్రం నా వాక్యాలు నాకే నమ్మకంగా అనిపించడం లేదు.

నిఘంటువు దీనికి ఘాటైన, కారమైన, తీక్ష్ణమైన, మనసుకు గుచ్చుకొనే అని అర్థాలు ఇస్తున్నది. ఒకే పదం వాసనకూ, రుచికీ, మనిషి అన్న మాటకూ ఎలా సరిపోతుందన్నది నా మొదటి సందేహం. ఇది మంచి వాసనా, చెడు వాసనా అన్నది కూడా తెలియడం లేదు. మా గదిలో ఉండే స్నేహితురాలు ‘పంజెంట్’ అంటే కంపు అనే అర్థమని గట్టిగా చెబుతున్నది. కాని నేను చదివిన ఒక వంటల వ్యాసంలో అల్లాన్నీ, వెల్లుల్లినీ మెచ్చుకుంటూ ఈ పదాన్ని వాడారు. గది నిండా మల్లెపూలు ఉన్నప్పుడు తలనొప్పి తెప్పించేంత వాసన వస్తుంది కదా, దాన్ని ఇలా అనవచ్చునా? కూరలో కారం ఎక్కువైతే ఆ కూరను ఇలా అనవచ్చునా? మాట విషయానికి వస్తే, ఎవరినైనా కోపంగా తిట్టడం ‘పంజెంట్ రిమార్క్’ అవుతుందా?

మాదిరి ప్రశ్నపత్రాలలో దీని పర్యాయపదాల కింద అక్రిడ్, కాస్టిక్, మార్డెంట్, పాయిన్యెంట్ వంటివి కలిపి ఇస్తున్నారు. వాటి మధ్య తేడా కూడా తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు
రాసినవారు: పాలమూరు ఇంగ్లీషు లెక్చరర్

అమ్మా, మీరు అడిగిన తీరులోనే సగం జవాబు ఉన్నది. నిఘంటువులో చివరగా కనిపించిన ‘గుచ్చుకొనే’ అన్న అర్థాన్ని ముందుకు తెచ్చుకుంటే తక్కినవన్నీ దానంతట అవే వరుసలో నిలుస్తాయి.

ఈ పదం లాటిన్ భాషలో గుచ్చడం, పొడవడం అనే అర్థం గల ‘పుంగెరె’ అనే క్రియ నుంచి వచ్చింది. సైకిల్ షాపు బోర్డు మీద మనం రోజూ చూసే ‘పంక్చర్’ ఆ క్రియకు పుట్టినదే; ‘పాయింట్’ అనే మాట కూడా ఆ కుటుంబంలోనిదే. ఇంగ్లీషులో ‘పంజెంట్’ను తొలి రోజులలో బాధకూ, దుఃఖానికీ వాడారు, వాసనకూ, రుచికీ అది తరువాత, 17వ శతాబ్దంలో పాకింది. కనుక వాసన మీదుగా మాటకు ఎలా వచ్చిందని ఆశ్చర్యపడనక్కరలేదు. గుచ్చుకోవడం అనే ఒకే భావం ముక్కులో జరిగితే వాసనకూ, నాలుక మీద జరిగితే రుచికీ, మనసులో జరిగితే మాటకూ విశేషణమవుతున్నది. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం నేటికీ దీన్ని అక్షరాలా గుచ్చుకొనే అర్థంలోనే వాడతారు. బిరుసుగా సాగి ముల్లులా ముగిసే ఆకు కొనను వారు ‘పంజెంట్’ అని వర్ణిస్తారు. ఈత చెట్టు ఆకును చేత్తో పట్టుకొని చూసినవారికి ఆ వర్ణన మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ వాసనల సంగతి. వాసన ఎంత ఎక్కువగా ఉన్నదన్నది ఈ పదానికి కొలమానం కాదు; అది గుచ్చుతున్నదా లేదా అన్నదే చూడాలి. గది నిండిన మల్లెల వాసన ఎంత దట్టంగా ఉన్నా ముక్కును పొడవదు, మత్తుగా కమ్ముకుంటుంది. దానికి ‘హెడీ’ అనే మాట ఉన్నది. కుళ్ళిన గుడ్డు వాసన కడుపులో తిప్పుతుంది, అది ‘ఫౌల్’. వర్షాకాలంలో ఆరని బట్టల ముక్కవాసన ‘మస్టీ’. చేపలు కడిగిన గిన్నెకు ఉండే కౌసు వాసన ‘ఫిషీ’. వీటిలో ఏదీ ‘పంజెంట్’ కాదు. అదే ఎండుమిర్చి పోపు కాస్త మాడినప్పుడు ఇంటిల్లిపాదీ దగ్గుతారు చూడండి, అది నిస్సందేహంగా ‘పంజెంట్’. దంచిన వెల్లుల్లి, తరిగిన ఉల్లిగడ్డ, నూరిన ఆవాలు, సిర్కా, ఊరగాయ జాడీ మూత తీసిన మొదటి క్షణం, ఇవన్నీ ఈ కోవలోవే. ఇందులో మంచి చెడుల తీర్పు లేదు. వంటవాడు రాస్తే మెప్పుగా, ఆసుపత్రి నడవా గురించి ఎవరైనా రాస్తే విసుగుగా వినిపిస్తుంది. మీ స్నేహితురాలు చెప్పిన కంపుకు ఇంగ్లీషులో ‘స్టింక్’, ‘స్టెంచ్’ అనే నామవాచకాలు వేరుగా ఉన్నాయి.

కూర విషయంలో మాత్రం ఒక మెలిక ఉన్నది. ‘దిస్ కర్రీ ఈజ్ పంజెంట్’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అయితే మామూలు ఇంగ్లీషు పాఠకుడు దాన్ని చదివి, కూరలో కారం ఎక్కువైందని కాక, దాని వాసన ముక్కుకు తగులుతున్నదని అనుకొనే అవకాశమే ఎక్కువ. కారం ఎక్కువైన కూరను ‘హాట్’ అనో, ‘స్పైసీ’ అనో అనడమే వాడుక. మిరప ఘాటును ‘పంజెన్సీ’ అనడం శాస్త్ర గ్రంథాలలోనూ, సుగంధ ద్రవ్యాల వ్యాపారంలోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక ‘పాయిన్యెంట్’. ఇది కూడా ఆ లాటిన్ క్రియకు చెందినదే, కాకపోతే ఫ్రెంచి దారిలో వచ్చింది. అందుకే అందులోని ‘జి’ అక్షరం పలకదు. పూర్వం దాన్ని కూడా రుచులకూ, వాసనలకూ వాడేవారు. ఇప్పుడు దాదాపుగా మనసును కదిలించే విషాదానికే మిగిలింది. వలస వెళ్ళిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి ఉత్తరం ‘పాయిన్యెంట్’ అవుతుంది. ఆ ఉత్తరంలో ఆమె కొడుకు యజమాని గురించి రాసిన పదునైన ఒక్క వాక్యం ‘పంజెంట్’ కావచ్చు. రెంటినీ పరీక్షలో ఒకే ప్రశ్న కింద ఇచ్చారంటే, అక్షరాల పోలికతో తికమక పెట్టడానికే.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు కాని చెబుతున్నాను. మొదటి అక్షరం మీద ఒత్తు పెట్టి ‘పన్‌జెంట్’ అన్నట్టు పలకాలి. ‘పంగెంట్’ అనకూడదు. తరగతి గదిలో ఈ పొరపాటు నేను తరచుగా వింటూ ఉంటాను.

జవాబు
రాసినవారు: సూర్యాపేట రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు

లెక్చరర్ గారు చెప్పిన గుచ్చుకోవడం అన్నది పోలిక మాత్రమే అనుకుంటారేమో, శరీరశాస్త్రం ప్రకారం అది అక్షరాలా నిజం. మా సబ్జెక్టులో ఈ పదం లేకుండా వాయువుల పాఠం నడవదు. అమ్మోనియా రంగులేని, ‘పంజెంట్’ వాసన గల వాయువు. సల్ఫర్ డయాక్సైడ్ కూడా అంతే. క్లోరిన్ ఆకుపచ్చని పసుపు రంగులో ఉండి, ఊపిరి ఆడనివ్వని ‘పంజెంట్’ వాసన గల వాయువు. తెలుగు మాధ్యమం పుస్తకాలలో మనం వీటన్నిటికీ ఘాటైన వాసన అని చదువుకున్నాం. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం కుళ్ళిన కోడిగుడ్ల వాసన అని మాట మారుస్తారు. ఈ తేడా ఊరికే పెట్టినది కాదు.

మామూలు వాసనలను మెదడుకు చేరవేసేది ఘ్రాణ నాడి. మల్లెపూలైనా, మురికి కాలువైనా ఆ దారిన పోవలసిందే. ముఖంలో స్పర్శ, నొప్పి, వేడి, చల్లదనం తెలియజేసే నాడి వేరే ఉన్నది. దానిని త్రిధార నాడి అంటారు. దాని కొసలు కళ్ళలోనూ, ముక్కు లోపలి పొరలోనూ, నోటిలోనూ వ్యాపించి ఉంటాయి. అమ్మోనియా, సిర్కా ఆవిరి, ఆవాల ఘాటు వంటివి ఘ్రాణ నాడితో పాటు ఈ నొప్పి నాడిని కూడా రేపుతాయి. అందుకే కళ్ళ వెంట నీళ్ళు వస్తాయి, తుమ్ములు వస్తాయి, తల వెనక్కు లాగేసుకుంటాం. వాసన తెలిసే శక్తి పూర్తిగా పోయినవారు కూడా అమ్మోనియా సీసా దగ్గరకు తెస్తే ఉలిక్కిపడతారు. కనుక ఒక వాసన ‘పంజెంట్’ అవునా కాదా అన్న అనుమానం వచ్చినప్పుడు, అది కన్నీరో తుమ్మో తెప్పిస్తుందా అని వేసుకొనే ప్రశ్న పరీక్ష హాలులో కూడా పనికి వస్తుంది.

నాలుక విషయంలోనూ అంతే. తీపి, పులుపు, ఉప్పు, చేదులను పట్టుకొనే రుచి కణాలు కారాన్ని పట్టుకోవు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం, నిజానికి వేడిని గుర్తించవలసిన ఒక గ్రాహకానికి అతుక్కుంటుంది. నోరు కాలిందని మెదడు అనుకుంటుంది, కాలిన గుర్తు మాత్రం ఉండదు. ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షులలో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. చిలుక ఎర్రటి మిరపపండును జామపండులా తినేయడం వెనుక ఉన్న రహస్యం అదే.

ఘాటు పదార్థాలలో మరొక విశేషం కూడా ఉన్నది. ముట్టుకోకుండా ఉంచిన వెల్లుల్లి పాయకు అంత వాసన ఉండదు. దంచినప్పుడు కణాలు పగిలి, అంతవరకు వేరువేరుగా ఉన్న ఒక పదార్థమూ ఒక ఎంజైమూ కలిసి అల్లిసిన్ తయారవుతుంది. ఉల్లిగడ్డను కోసినప్పుడు కన్నీరు తెప్పించే ఆవిరి కూడా ఇలాగే అప్పటికప్పుడు పుడుతుంది. ఆవాలదీ అదే పద్ధతి. ఆవపిండిని చన్నీళ్ళతో తడిపితే ముక్కు అదురుతుంది. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైమ్ చచ్చిపోయి ఘాటు తగ్గుతుంది. ఆవ ఘాటు తేలికగా ఆవిరయ్యేది కనుక ముక్కులోకి ఎక్కుతుంది, మిరప ఘాటు ఆవిరి కానిది కనుక నోటిలోనే మండుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఆవాలను ‘పంజెంట్’ అనీ, మిరపను ‘హాట్’ అనీ అనడానికి మొగ్గుచూపడంలో ఈ తేడాకు కూడా కొంత పాత్ర ఉన్నదని నా ఊహ.

మిరప ఘాటును కొలవడానికి 1912లో అమెరికా ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో పలుచన చేసుకుంటూ పోయి, రుచి చూసేవారికి మంట తెలియకుండా పోయే వరకు ఎంత పలుచన చేయవలసి వచ్చిందో లెక్కపెట్టడమే ఆ పద్ధతి. శాస్త్ర గ్రంథాలలో ‘పంజెన్సీ’ అన్న నామవాచకం ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

జవాబు
రాసినవారు: మహబూబ్‌నగర్ అనువాదకుడు

పై ఇద్దరూ వాసననూ, రుచినీ చక్కగా తేల్చారు. మాట సంగతి మాత్రం ఒకరు ఒక్క వాక్యంతో దాటేశారు, మరొకరు అసలు ముట్టుకోలేదు. నేను ఒక పత్రికలో చాలాకాలం అనువాదం చేసినవాడిని కనుక ఆ భాగం నాకు వదిలేశారని అనుకుంటాను.

తెలుగులో మనకు ‘ఘాటు’ అనే మాట ఉండటం ఒక అదృష్టం. మిరియాల ఘాటు, ఘాటు వాసన, ఘాటైన వ్యాఖ్య అని మూడింటికీ అదే చెల్లుతుంది. మన పల్లెలలో దీన్నే ‘గాటు’ అంటారు. కనుక ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘పంజెంట్’కు ఘాటు అని పెడితే తప్పు పోదు. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే వస్తుంది. ఘాటు ప్రేమ అని మనం హాయిగా అంటాం, దాన్ని ‘పంజెంట్ లవ్’ అంటే ఇంగ్లీషువాడు నవ్వుతాడు. పై అధికారి ఘాటుగా లేఖ రాశాడని పత్రికలో వస్తే, ఆ లేఖ ‘స్ట్రాంగ్లీ వర్డెడ్’ అన్నంత వరకే అర్థం. మంత్రి ఘాటుగా స్పందించారన్న శీర్షిక కింద చదివితే, చాలాసార్లు ఆయన గొంతు పెంచి మాట్లాడారని మాత్రమే తెలుస్తుంది. తెలుగు ఘాటులో తీవ్రత ఉంటే చాలు. ఇంగ్లీషు ‘పంజెంట్’ మాటకు తీవ్రతతో పాటు మొన కావాలి, ఆ మొన సరిగ్గా తగలవలసిన చోట తగలాలి, సాధారణంగా మాట పొట్టిగా కూడా ఉండాలి.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. దేవరకొండ వైపు ఒక తండాలో గ్రామసభ జరుగుతున్నది. ఇంటింటికీ నల్లా ఇచ్చామని ఒక నాయకుడు గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఒకతను లేచి, మీరంతా దొంగలని అరిచాడు. అది తిట్టు, ‘అబ్యూసివ్’. మరొకతను లేచి, మూడు నెలలుగా నీళ్ళు లేవనీ, ఇది సిగ్గుచేటనీ గట్టిగా నిలదీశాడు. అది తీవ్రమైన విమర్శ, ‘హార్ష్’ అనవచ్చు. అప్పుడు వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ లేవకుండానే, “నల్లా అయితే వచ్చింది బిడ్డా, నీళ్ళకు తొవ్వ చెప్పుడే మరిచినట్టున్నరు” అన్నది. సభ నవ్వింది, నాయకుడు నవ్వలేకపోయాడు. ‘పంజెంట్ రిమార్క్’ అంటే ఆ ముసలమ్మ మాట. అందులో ఒక్క తిట్టు లేదు, గొంతు పెంచడమూ లేదు.

తెలుగులో దీనికి ఘాటు కంటే దగ్గరగా వచ్చే మాట ‘చురక’ అని నా అభిప్రాయం. ‘ఎత్తిపొడుపు’ కూడా గుర్తుకు వస్తుంది, అందులో పొడవడం ఉండనే ఉన్నది. అయితే ఎత్తిపొడుపులో అవతలి మనిషిని చిన్నబుచ్చాలన్న కక్ష పాలు ఎక్కువ. అత్త కోడలిని కట్నం గురించి రోజూ అనే మాటలు ఎత్తిపొడుపులే కాని వాటిలో తెలివి ఏమున్నది? ‘పంజెంట్’ అన్న మాటలో, అన్నవారి బుద్ధికి కొంత మెప్పు కూడా కలిసి ఉంటుంది. అందుకే వ్యంగ్య రచననూ, సంపాదకీయాన్నీ, కార్టూన్ కింద రాసిన వ్యాఖ్యనూ ఈ పదంతో పొగుడుతారు.

లెక్చరర్ గారు ఈత ఆకు కొన గురించి చెప్పినప్పుడు అది దారి తప్పిన విషయం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, మాట విషయంలో గుర్తుపెట్టుకోవలసినది కూడా ఆ కొననే.

జవాబు
రాసినవారు: వనపర్తి విశ్రాంత తెలుగు పండితుడు

అనువాదకుల వారి మాటకు చిన్న చేర్పు. ఆయుర్వేదంలో మధుర, ఆమ్ల, లవణ, కటు, తిక్త, కషాయాలని ఆరు రసాలు చెబుతారు. వీటిలో కటు రసాన్ని ఇంగ్లీషు అనువాదాలలో ‘పంజెంట్’ అనే రాస్తారు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపిన చూర్ణానికి త్రికటు అని పేరు. ఆ శాస్త్రం పుట్టిన నాటికి ఈ దేశంలో మిరపకాయ లేదు. దక్షిణ అమెరికా వైపు నుంచి పోర్చుగీసు వర్తకుల ద్వారా అది 16వ శతాబ్దంలో వచ్చింది. అంతవరకు మన వంటలలో కారమంటే మిరియం, పిప్పలి, అల్లం, ఆవాలే.

విచిత్రమేమంటే, తెలుగు వాడుకలో రుచి పరంగా కటు అన్న మాట కనుమరుగై, కటువుగా మాట్లాడటం, కటువైన మాట అన్న చోట మాత్రమే నిలిచింది. నాలుక మీద నుంచి మాటలోకి మారిన ఈ ప్రయాణం ఇంగ్లీషు పదం ప్రయాణంలాగే ఉన్నది. అయినా కటువైన మాటను ‘హార్ష్’ అనాలి కాని ‘పంజెంట్’ అనకూడదు. కటువులో మృదుత్వం లేకపోవడమే ముఖ్యం, చమత్కారంతో పని లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. ఆ కటు శబ్దమే హిందీలోకీ ఉర్దూలోకీ వెళ్ళి ‘కడ్వా’ అయి, చేదు అన్న అర్థం తెచ్చుకున్నది. మన ప్రాంతంలో ఉర్దూ వినని చెవి ఉండదు కనుకనూ, పోటీ పరీక్షల పుస్తకాలు కొన్ని హిందీ నుంచి తయారవుతాయి కనుకనూ, ఈ పదానికి చేదు అన్న అర్థం అంటగట్టుకొనే ప్రమాదం ఉన్నది. కాకరకాయ, వేపాకు ‘బిటర్’ మాత్రమే.

జవాబు
రాసినవారు: పుట్టపాక చేనేత కుటుంబం

అమ్మా, మీరు అడిగిన ‘మార్డెంట్’ గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. అది మాకు అద్దకం పనిలో రోజూ వాడే మాట. నూలుకు సహజ రంగు ఊరికే పట్టదు, ఉతికితే పోతుంది. అందుకని పటిక వంటి పదార్థంలో నూలును ముందుగా నానబెడతారు. అది ఒకవైపు దారాన్నీ మరొకవైపు రంగునూ పట్టుకొని విడవకుండా ఉంచుతుంది. ఆ పదార్థానికి ఇంగ్లీషులో ‘మార్డెంట్’ అని పేరు. కొరకడం అనే అర్థం గల పాత మాట నుంచి అది వచ్చిందని అద్దకం శిక్షణలో మాకు చెప్పారు. మాటకు వాడినప్పుడు కొరికినట్టుండే హాస్యం అని అర్థమట. వాసనకు ఆ పదం వాడగా నేనెప్పుడూ వినలేదు.

మా ఊరి తేలియా రుమాలు నూలును నూనెతో నానబెట్టి తయారుచేస్తారు. నేసిన తరువాత కూడా ఆ బట్టకు నూనె వాసన వదలదు. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో లెక్చరర్ గారు చెప్పగలరా?

తిరుగు జవాబు
రాసినవారు: పాలమూరు ఇంగ్లీషు లెక్చరర్

‘మార్డెంట్’ గురించి మీరు చెప్పినది సరైనదే. లాటిన్‌లో కొరకడానికి ‘మోర్డేరె’ అంటారు. మృత్యువు, పేదరికం వంటి గంభీర విషయాల మీద నిర్దయగా నవ్వించే హాస్యానికి ఆ పదం బాగా సరిపోతుంది. రుమాలు నూనె వాసన ముక్కును పొడవదు, బట్టను అంటిపెట్టుకొని ఉంటుంది. దాన్ని ‘ఆయిలీ’ అంటే చాలు. అలంకారం తగిలించనక్కరలేదు.

మిగిలిన రెండు పదాలు కూడా ఇక్కడే చెబుతాను. ‘కాస్టిక్’ అన్నది కాల్చడం అనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చింది. సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా చేతి మీద పడితే చర్మం ఏమవుతుందో తెలిసినవారికి కాస్టిక్ వ్యాఖ్య అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అందులో గుచ్చడం కంటే కాల్చడం, గాయపరచాలన్న ఉద్దేశం ఎక్కువ. ‘అక్రిడ్’ పొగకు ప్రాణస్నేహితుడు. టైర్లు కాలిన పొగ, తీగల మీది ప్లాస్టిక్ కాలిన వాసన, నూనె మాడిన కమురు వాసన, ఇవన్నీ ‘అక్రిడ్’. ‘పంజెంట్’లో మంచికీ చెడుకూ చోటున్నది కాని ‘అక్రిడ్’లో మంచికి చోటు లేదు. వెల్లుల్లి కారాన్ని ‘పంజెంట్’ అంటే వండినవారు సంతోషిస్తారు, ‘అక్రిడ్’ అంటే గిన్నె మాడిందేమోనని పొయ్యి వైపు చూస్తారు.

ప్రశ్న అడిగిన వారి తిరుగు సందేశం
రాసినవారు: నల్లగొండ అభ్యర్థిని

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినదాన్ని బట్టి కొన్ని వాక్యాలు కట్టుకున్నాను. ఇంగ్లీషులో రాసుకొన్నవాటి భావం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. ‘మంచినీళ్ళ ట్యాంకు కడిగిన రోజు బ్లీచింగ్ పౌడర్ పంజెంట్ వాసన వీధి చివరి దాకా వచ్చింది.’ ‘జొన్నరొట్టెలోకి నాయనమ్మ నూరిన ఎల్లిగడ్డ కారం పంజెంట్‌గా ఉన్నది.’ ‘బత్తాయి తొక్క ఒలిచినప్పుడు పంజెంట్ వాసన వస్తుంది.’ ‘ఆయన పంజెంట్ వ్యాఖ్యతో చర్చ ముగిసిపోయింది.’ ‘పచ్చి చింతకాయ పంజెంట్‌గా ఉంటుంది.’ వీటిలో ఏవి నిలుస్తాయి? దీనికి వ్యతిరేక పదం ఏది రాయాలి?

తిరుగు జవాబు
రాసినవారు: పాలమూరు ఇంగ్లీషు లెక్చరర్

మొదటి వాక్యం నిర్దోషం. రెండవది ఇంకా బాగున్నది, ఎందుకంటే అక్కడ ఘాటు మిరపది మాత్రమే కాదు, దంచిన వెల్లుల్లిది కూడా. నాలుగవది వ్యాకరణం ప్రకారం సరిపోయింది కాని, ఆయన ఏమన్నాడో చెప్పకుండా ఆ విశేషణం వాడితే చదివేవారికి మొన కనిపించదు. అనువాదకుల వారు ముసలమ్మ మాటను చెప్పిన తరువాతనే దానికి పేరు పెట్టారని గమనించండి.

మూడవ, ఐదవ వాక్యాలను మార్చుకోవాలి. నల్లగొండవారికి బత్తాయి మీద అభిమానం ఉండటం సహజమే కాని, తొక్క ఒలిచినప్పుడు లేచే వాసన ప్రాణం లేచివచ్చేలా ఉంటుంది, పొడవదు. దాన్ని ‘జెస్టీ’ అనో, ‘సిట్రసీ’ అనో అనండి. తొక్క రసం కంట్లోకి చిమ్మితే మండుతుంది, నిజమే, కాని అది వాసన కాదు. చింతకాయకు ‘సోర్’, ‘టార్ట్’ ఉన్నాయి; ఇష్టంగా చెప్పాలంటే ‘ట్యాంగీ’.

తిరుగు జవాబు
రాసినవారు: సూర్యాపేట రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు

బ్లీచింగ్ పౌడర్ వాక్యానికి నా మార్కులు కూడా వేసుకోండి. నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి మన జిల్లా పేరు మీదనే నల్లగొండ టెక్నిక్ అని పేరు వచ్చింది. ఆ మూడింటిలో ‘పంజెంట్’ అనదగినది బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే. పటికకు వాసన లేదు, రుచి మాత్రం ఒగరు.

వ్యతిరేక పదానికి ‘బ్లాండ్’ రాయండి. ఉప్పూ కారమూ లేని చప్పిడి కూరకూ, ఎవరినీ తాకకుండా దాటుకొనిపోయే చప్పటి ప్రసంగానికీ అది చెల్లుతుంది. ప్రశ్న రుచి గురించే అయితే ‘మైల్డ్’ కూడా సరిపోతుంది. ఇచ్చిన ఎంపికలలో ‘ఫ్రాగ్రెంట్’ కనిపిస్తే తొందరపడి గుర్తు పెట్టవద్దు. అది ‘ఫౌల్’కు వ్యతిరేకం.